బ్యాటుకు తలంటిన రోజు

మనవడు కొత్త బ్యాటుకు అవిసె నూనె రాస్తుంటే, ఆ వాసనకు గౌలిపురల మా చిన్నప్పటి ఇల్లు యాదికొచ్చింది. మా బాపు రంజీ ఆడే రోజులవి. బ్యాటుకు నాలుగు చుక్కలే పూసేటోడు. అమ్మ నా తలకైతే గిన్నెడు నూనె పెట్టేది. పాపం బ్యాటుకు చాలట్లేదని, మ్యాచ్ ముందురోజు సీసా మొత్తం పోసి నానబెట్టిన.

పొద్దున బాపు బ్యాటు లేపితే బరువుకు చెయ్యి కిందికి జారింది.

"నేనే తలంటిన బాపూ! మస్తు బలమొచ్చింది గదా?"

"మస్తొచ్చింది బిడ్డా," అని నవ్వి, దాన్నే సంచిలో పెట్టుకొని పోయిండు.

సాయంత్రం వచ్చి, "యాభై కొట్టిన" అన్నడు. అదంతా నా నూనె బలమేనని గల్లీ మొత్తం చెప్పుకున్న.

నా పెండ్లిల బాపు దోస్తు నవ్వుకుంట, "ఆ యాభై కొట్టింది నా బ్యాటుతోని బిడ్డా" అన్నడు. నేను తలంటిన బ్యాటును బాపు పొయ్యేటప్పుడు, వచ్చేటప్పుడు మోసిండంతే.