మంచం దోషాన్ని తన మీద వేసుకున్న యాదమ్మ

యాదమ్మ పరమపదించిందని కిందటి మంగళవారం పొద్దున రహమత్ నగర్ నుంచి కబురొస్తే నేను నమ్మలేదు. ఆమె నా కళ్ల ముందు లెక్కలేనన్ని సార్లు చచ్చిపోయింది మరి! ఫిల్మ్‌నగర్‌లో శవం వేషానికి ఆమెను మించిన జూనియర్ ఆర్టిస్టు లేదు. ప్రొడక్షన్ మేనేజరుగా ఆమెను పిలిపించేవాణ్ణి నేనే. ముక్కులో దూది పెట్టి, నుదుట రూపాయంత బొట్టు దిద్ది పడుకోబెడితే, ఈగ వాలినా రెప్ప కదిలేది కాదు. పక్కన కూర్చుని ఏడవడానికి కొత్త నటీమణులు జంకేవారు. వెళ్లి చూశాను. ఈసారి ఆమెను ఎవరూ లేవమనలేదు.

తెర మీద ఆమె పేరు ఏనాడూ పడలేదు. కానీ చేవెళ్ల అవతల, ఆమె పుట్టిన పల్లె చుట్టుపక్కల, కాన్పు గండం గడిచి బతికిన తల్లులను అడిగితే ఆ పేరే చెబుతారు. అక్కడ బండి రోడ్డు దాకే వస్తుంది. ప్రసవవేదన పడుతున్న మనిషిని మంచం మీద పొలంగట్ల వెంట మోసుకురావాలి. చిక్కంతా అక్కడే. మంచం మీద గడప దాటేది పీనుగేనని వాళ్ల నమ్మిక. యాదమ్మ ఒక్కగానొక్క కూతురు ఆ నమ్మికకే బలైపోయింది. కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది, రోడ్డు మీద బండి సిద్ధంగా ఉంది, అత్తవారు మాత్రం మంచం ఎత్తనివ్వలేదు. "పొద్దంత గడపకాడ బతిమిలాడిన సారూ. నా బిడ్డ నా దిక్కే సూసుకుంట పోయింది" అని నాతో ఒక్కసారే చెప్పింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఎనభైల చివర్లో ఒకరోజు జూబ్లీహిల్స్ బండరాళ్ల మధ్య షూటింగు. ఆమె పాడె మీద ఉంది. భోజనాల వేళకు ఊరి నుంచి ఎవరో వచ్చి చెవిలో ఏదో చెప్పారు. ముక్కులో దూది తీయకుండానే లేచి నా దగ్గరికొచ్చింది. "సారూ, జర బండి ఇయ్యుండ్రి. మా ఊర్ల ఒక పిల్లకు నిన్నటి సంది నొప్పులు." కాదంటే ఊరుకునే మనిషా! కంపెనీ వ్యాన్‌లో నేనూ ఎక్కాను.

ఆ ఇంటి అత్తగారు ఆమెను చూసి కెవ్వుమంది. "అయ్యో, గీమె మొన్న సినిమాల కాలిపోయింది గదనే!" యాదమ్మ నవ్వలేదు. మంచం వాల్చి, చేతులు గుండెల మీద పెట్టుకుని పడుకుంది. "ఎత్తుండ్రి, గడప దాటియ్యుండ్రి" అని ఊపిరి బిగబట్టింది. నలుగురు వణుకుతూ మోసి వాకిట్లో దించారు. లేపుదామని చెయ్యి పట్టుకుంటే మంచులా తగిలింది. ఎంతసేపటికో కళ్లు తెరిచింది. "మంచం దోషం నన్ను వట్టింది. ఇగ మీ కోడలికేం ఫికర్ లేదు." ఆ పిల్ల అదే మంచం మీద రోడ్డెక్కి, మా వ్యాన్‌లో సర్కారు దవాఖానకు చేరింది, పండంటి బిడ్డతో ఇంటికి తిరిగొచ్చింది.

అప్పటినుంచి ఎవరి ఇంటికెళ్లినా అదే పద్ధతి. కృష్ణాజిల్లా వాణ్ణి, నాకు అదంతా వేళాకోళంగా ఉండేది. "ఇన్ని దోషాలు ఎక్కడ దాచుకుంటావమ్మా?" అని ఆటపట్టిస్తే, "నాకింక పోయేదేమున్నది సారూ" అనేది. కానీ మంచం ఎక్కే ముందు ఆమె కళ్లు మూసుకుని గడపకు మొక్కుకోవడం నేను చూశాను. ఆ దోషాన్ని అందరిలాగే ఆమె కూడా నమ్మేది. నమ్ముతూనే పడుకునేది. ఈ సంగతి నా బుర్రకెక్కడానికి ఇన్నేళ్లు పట్టింది.

మూడో రోజు కర్మకు తోటి ఆర్టిస్టులతో కలిసి వ్యాన్‌లో ఆ పల్లె వెళ్లాను. మేం ఇంకా అక్కడుండగానే పక్కింటి నర్సమ్మకు నొప్పులు మొదలై, రక్తం పోసాగింది. వ్యాన్ రోడ్డు మీదే ఉంది. నర్సమ్మ అత్త మంచానికి అడ్డం నిలబడింది. "యాదమ్మ లేకపాయె. సారూ, మీరు పండుకుంటరా?" అందరూ నావైపు చూశారు. మూఢనమ్మకాలు వదలండని వాళ్లకు ఏళ్ల తరబడి ఉపన్యాసాలు దంచిన పెద్దమనిషిని నేను! సిగ్గు విడిచి రాస్తున్నాను, భయమేసింది. అడుగు ముందుకు పడలేదు.

నర్సమ్మే గోడ పట్టుకుని లోపలి గదిలోంచి వచ్చింది. మంచం వైపు చూసి, "యాదమ్మత్త పండుకునే ఉన్నది గద, తోవ ఇడువుండ్రి" అంది. మంచం అంచుకు ఒదిగి, పక్కన ఒక మనిషికి చోటు వదిలి పడుకుంది.

నలుగురం ఎత్తాం, ఒక కోడు నాది. నర్సమ్మ బక్కపలచటి పిల్ల. మంచం మాత్రం మోయలేనంత బరువుంది, నా భుజం ఇంకా కమిలే ఉంది. గడప దాటగానే ఒక్కసారిగా తేలికైంది. అవతలి కోడు పట్టినవాడు నావైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను. నర్సమ్మకు ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం.

శవం వేషానికి పరిశ్రమ ఇంకెవరినో వెతుక్కుంటుంది. ఆ పల్లెల్లో ఆమె చోటు పూరించగలిగేవాళ్లు మాత్రం నాకు కనిపించడం లేదు. యాదమ్మా, నీ ధైర్యాన్ని చూసి నవ్విన పాపిని, చేతులెత్తి మొక్కుతున్నాను. ఈసారి కబురొస్తే ముందు నేను పడుకుంటాను. నువ్వు ఇక లే, తల్లీ.