పళ్లెం అడుగున ఇంగ్లండు

గారెలతో ఉన్న పళ్లాన్ని తిరగేసేవాడికి పిల్లనిస్తారా? ఇవ్వకూడదు. నా పెళ్లిచూపులు నా చేతుల్లోనే ఎలా మంటగలవబోయాయో చెబుతాను, వినండి.

యాభైల చివరి మాట. హైదరాబాదులో పాత సామాన్ల దుకాణంలో కొన్నాళ్లు పనిచేసి నల్గొండకు తిరిగొచ్చాను. అక్కడ నేర్చిన విద్య ఒక్కటే: సీమ పింగాణీని తిరగేసి, అడుగున ఉన్న ముద్రను బట్టి వయసు చెప్పడం. దాంతోపాటు అనుమానం కూడా అంటుకుంది. ఇంట్లో మా అమ్మ చాయ్ ఇచ్చినా సాసరు ఎత్తి చూసేవాణ్ణి.

నాన్నతో, అదే మా బాపుతో కలిసి చౌటుప్పల్‌లో పిల్లను చూడబోయాను. పిల్ల నచ్చింది. చాలా నచ్చింది. అంతలో నీలిపూల పింగాణీ పళ్లెంలో గారెలొచ్చాయి.

"మా తాతకు ఇంగ్లీషు దొర ఇచ్చిన పళ్లాలు," అన్నాడు పిల్ల తండ్రి మీసం దువ్వుతూ. "తాత పోయి అరవై ఏండ్లు దాటె."

అరవై ఏళ్లా! నాకు దురద మొదలైంది. పళ్లాన్ని తలకంటే పైకెత్తాను.

"ఏం జేస్తున్నవ్‌రా?" బాపు గుసగుస.

"ముద్ర చూస్తున్న."

"గారెలు తిన్నంక చూడరాదురా!"

గారెలు చాప మీద దొర్లాయి. నాకేం పట్టింది? "మామా!" అన్నాను. అప్పుడే మామా అనేశాను, చూశారా! "దీని మీద 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అని ఉన్నది. గంత పాత పళ్లానికి గా మాట ఉండది. మీ తాత పోయినంక పుట్టింది గీ పళ్లెం!"

మామ మీసం కిందికి వాలింది. చివరికి పిల్ల నాయనమ్మ ముందుకొచ్చింది.

"దాస్తె దాగుతదా? పక్కింటోళ్లవి బిడ్డా. నువ్వొస్తవని అడిగి తెచ్చిన."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను పిల్లవారింటనే గెలిచేశాను. ఆ గర్వంతో వంగి గారెలు ఏరుతుంటే, అంతవరకు తలెత్తని పిల్ల నోరు విప్పింది.

"మీ అంగి కాలరుకు మూడు చుక్కలున్నయి. ధోతి అంచుకు అడ్డగీత ఉన్నది. ఒక్కింటి బట్టలకు చాకలి రెండు గుర్తులు పెడ్తడా?"

నల్లజీడి రసంతో చాకలి ఇంటికొక గుర్తు పెడతాడు. పళ్లాల అడుగులు చూసే మొనగాణ్ణి, నా కాలరు నేను చూసుకోలేదు. నా ముఖం గారెలకంటే నల్లగా మాడింది.

"కొత్త అంగి కొన్న అంటివి గదరా!" అన్నాడు బాపు.

"దోస్తుది," అన్నాను చాపతో.

నాయనమ్మ పకపకా నవ్వింది. "మాది అడిగి తెచ్చిన పళ్లెం, మీది అడిగి తెచ్చిన అంగి. జోడు కుదిరింది. ఇగ ముహూర్తం పెట్టుర్రి!"

పెళ్లినాడు అగ్నిసాక్షిగా నేనొక ఒట్టు అదనంగా పెట్టుకున్నాను: తిండి ఉన్న పళ్లెం అడుగు ఈ జన్మలో చూడను. చూడలేదు కూడా. ఆమె మాత్రం ఏ ఒట్టూ పెట్టుకోలేదు. నేను గడప దాటేముందు నేటికీ కాలరు తిప్పి చూస్తుంది.