కదలని సముద్రం

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. ఎవరి కొంపా కూల్చింది కాదు. దొంగతనం కాదు, దగా కాదు. వింటే మీరు "ఓస్, ఇంతేనా" అంటారు. మా ఆవిడ ఉన్నప్పుడు ఆమెకైనా చెబుదామనుకున్నాను. నోరు తెరిచిన ప్రతిసారీ పొయ్యి మీద ఏదో ఒకటి మాడేది, లేదా మాడుతోందని నేనే గుర్తుచేసి తప్పించుకునేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకని మీకు చెప్పడం సులువు. పేరు మాత్రం అడగకండి.

అప్పట్లో నేను నయాపూల్ దగ్గర ఒక వకీలు సాబు దగ్గర గుమాస్తాను. కోర్టు పక్కనే పుట్టాను, కోర్టు పక్కనే పనికి కుదిరాను. ఆ వీధి మలుపులో ఒక ఇరానీ హోటల్ ఉండేది. ఆదివారం సాయంత్రమైతే చాలు, అక్కడ కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఎందుకంటే ఆదివారం సవాల్-జవాబ్. నయాపూల్, బేగంబజార్, శాలిబండ, జహనుమా, ఇవీ మా నాలుగు జట్లు. రెండు జట్లు ఆడేవి, ఖాళీగా ఉన్న జట్లలో ఒకటి ప్రశ్నలు తయారుచేసేది, హోటల్ యజమాని సేటు వాటిని గట్టిగా చదివి తీర్పు చెప్పేవాడు. ఏడాది చివర గెలిచిన జట్టుకు బేగంబజార్ వాళ్ళు చేయించిన ఇత్తడి కెటిల్. ఓడిన జట్టు పెద్ద మాత్రం ప్రతి వారమూ బేరర్ తువ్వాలు భుజాన వేసుకుని గెలిచినవాళ్ళకు స్వయంగా చాయ్ అందించాలి. ఎంత పెద్ద ఉద్యోగి అయినా సరే, "ఏ బేరా, ఇటు రా" అని పిలిపించుకోవలసిందే. ఆ నవ్వులకు హోటల్ రేకులు ఎగిరేవి.

ఇంకొక కాయిదా, అంటే నియమం, ఉండేది. నా కథంతా దాని మీదే ఉంది కాబట్టి జాగ్రత్తగా వినండి. మొదటి ఏడాది రెండు జట్లు ఒకే ప్రశ్నకు రెండు పుస్తకాలు తెచ్చాయి. ఒక్కో పుస్తకంలో ఒక్కో జవాబు. లొల్లి ముదిరి ఆ పుస్తకాలతోనే కొట్టుకున్నారు. సేటు రెంటినీ లాక్కుని గల్లాపెట్టె వెనక పడేసి తీర్పిచ్చాడు: "కితాబ్ సే ఆంఖ్ బడీ." పుస్తకం కంటే కన్ను పెద్దది. అప్పటినుంచి ఎవడైనా చలువరాతి బల్ల మీద కుడి అరచెయ్యి ఆనించి "నా కండ్లతోని చూసిన" అన్నాడంటే అదే జవాబు. సాక్ష్యం అడగకూడదు, పుస్తకం తెరవకూడదు. ఆ రాయి మీద చెయ్యిపెట్టి అబద్ధమాడాడని తేలితే మాత్రం ఆ మనిషి మళ్ళీ ఆ హోటల్ మెట్టెక్కకూడదు. పాతబస్తీలో కోతలరాయుళ్ళకు కొదవా చెప్పండి? అయినా ఆ రాయి దగ్గర ఎవరూ బొంకలేదు. నన్ను మినహాయిస్తే.

అందరికీ చెయ్యి పెట్టే అవకాశం వచ్చింది. ఒకడు అడవిలో పులిని చూశాడు. ఒకడు విమానం దిగడం చూశాడు. బేగంబజార్ హమాలీ ఒకతను మొసలి నోరు తెరిచి పడుకోవడం చూశాడు. నేనేం చూశాను? మూసీ చూశాను. వకీలు సాబు సంతకం చూశాను. వాళ్ళు చెయ్యి పెట్టినప్పుడల్లా నాకు కడుపు మండేది. నిజంగా మండేది, దాచను.

జహనుమా జట్టుకు పెద్ద దావీదు మాస్టరు. బడిలో జాగ్రఫీ చెప్పేవాడు. మనిషి భారీ, నవ్వు ఇంకా భారీ. ఓడితే తువ్వాలు వేసుకుని అసలు బేరర్లకంటే జోరుగా "ఏక్ పౌనా, దో ఖారీ" అని చాయ్, బిస్కట్ల ఆర్డర్లు అరిచేవాడు. ఆయన మాత్రం ఎప్పుడూ బల్ల మీద చెయ్యి పెట్టలేదు. "నేను చదివినోణ్ణి భాయ్, చూసినోణ్ణి గాదు" అనేవాడు. ప్రమాణమంటే ఆయనకు భయం, చర్చిలో నేర్చుకున్న భయం.

కోస్తాతో కలిసి కొత్త రాష్ట్రం ఏర్పడిన రోజులవి. నిన్నటిదాకా మూసీతో సరిపెట్టుకున్న మాకు రాత్రికి రాత్రి సముద్రం వచ్చిపడింది. మాలో ఎవరూ దాన్ని చూడలేదు గానీ, మా సముద్రం, మా సముద్రం అని తెగ మురిసిపోయాం. ఆ ఊపులోనే శాలిబండ వాళ్ళు ఆఖరి పోటీకి సముద్రం ప్రశ్న పెట్టారు. నయాపూల్, జహనుమా సమానంగా ఉన్నాయి. కెటిల్ బల్ల మధ్యలో తళతళా మెరుస్తోంది. సేటు చదివాడు: సముద్రం ఒడ్డున నీళ్ళు రోజంతా ఒక్కచోటే ఉంటాయా, వెనక్కి పోతాయా?

"పోతయి, మల్ల వస్తయి," అన్నాడు మాస్టరు. "ఆటుపోట్లంటరు. పుస్తకంల ఉన్నది."

నాకు నవ్వొచ్చింది. నీళ్ళు వెనక్కి పోవడమేమిటి? మూసీ ఏనాడైనా వెనక్కి పోయిందా? పల్లానికి పోతాయి గానీ, పోయిన నీళ్ళు తిరిగొస్తాయా? నేను అనుకున్నది తప్పని నాకు తెలియదు. ఆ మాటకు వస్తే అది నా తప్పు కూడా కాదు. తప్పు ఆ తర్వాత చేశాను. నా చెయ్యి లేచింది. చలువరాయి మీద చప్పుడయ్యేలా పడింది.

"బందరుల నిలబడి చూసిన మాస్టరూ. నా కండ్లతోని. ఇంచు కదలదు."

"నయాపూల్ సహీ!" అన్నాడు సేటు. ఇంకేముంది, నన్ను ఎత్తుకుని ఊరేగించారు. మాస్టరు తువ్వాలు వేసుకుని వచ్చి, ఆ కెటిల్‌తోనే నాకు చాయ్ పోశాడు. పోస్తూ, వెక్కిరింత లేకుండా, చిన్నపిల్లవాడిలా అడిగాడు: "గంత నీళ్ళు ఒక్క జాగల ఎట్లుంటయి భాయ్?" మస్తుగా ఉంటుందని చెప్పాను.

ఆ రోజునుంచి నేను సముద్రం భాయ్‌ని అయ్యాను. ఉప్పు ఒడ్డున గడ్డలుగా దొరుకుతుందా అని బేగంబజార్ ఉప్పు వ్యాపారి అడిగితే, గంపలకొద్దీ అన్నాను. చేపలు ఒడ్డుకొచ్చి పడుకుంటాయా అని అడిగితే, ఎండాకాలం మాత్రమే అన్నాను. సిగ్గుపడ్డానా? అబ్బే. హాయిగా ఉంది. అవతల జహనుమాలో మాత్రం మాస్టరును ఏడిపించుకు తింటున్నారు. కదలని సముద్రాన్ని కదిలించిన మాస్టరని బడి ముందే ఎకసెక్కాలు. ఆయన నవ్వేవాడు. కానీ ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, తను పిల్లలకు ఇన్నాళ్ళూ తప్పు చెప్పానేమోనని నిద్ర పట్టడం లేదన్నాడు. అప్పుడైనా చెప్పానా? లేదు. పుస్తకాలు అలాగే ఉంటాయని ఓదార్చాను. ఓదార్చాను!

తర్వాత ఆయన బావమరిది కూతురి పెళ్ళి బందరులో కుదిరింది. చూసినవాడివి, దారి చూపించు, రమ్మన్నాడు. సెలవు లేదన్నాను. మా జట్టువాళ్ళే వెళ్ళి వకీలు సాబును బతిమాలి సెలవు ఇప్పించారు. జ్వరమన్నాను. సేటు కషాయం పంపించాడు. చివరికి నాంపల్లి స్టేషన్లో నా మెడలో దండ వేసి మరీ రైలెక్కించారు. పెళ్ళికొడుక్కి కూడా అంత మర్యాద జరిగి ఉండదు.

పెళ్ళి మర్నాడు పొద్దున్నే జట్కాలో సముద్రానికి వెళ్ళాం. ఏం చెప్పమంటారు? దూరంనుంచే ఆ హోరు. తర్వాత ఆ నీళ్ళు. చివర లేదు, అవతలి గట్టు లేదు. నేను పంచె ఎగ్గట్టి పరుగెత్తాను. అల వచ్చి ముఖాన కొట్టింది. "థూ! ఉప్పు!" అని అరిచాను. వెనక బూట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డ మాస్టరు అది విన్నాడు. విన్నాడని నాకు ఆ క్షణంలో తట్టనే లేదు, అంత సంతోషంలో ఉన్నాను.

పెళ్ళివారు కట్టిచ్చిన పులిహోర తిని ఒక పడవ నీడన పడుకున్నాం. లేచి చూద్దును కదా, సముద్రం లేదు! ఉంది, ఎక్కడో దూరాన. పొద్దున తేలుతున్న పడవలు తడి ఇసుకలో పక్కకు ఒరిగి ఉన్నాయి. చిన్నచిన్న పీతలు అటూ ఇటూ పరుగెడుతున్నాయి.

"అరె మాస్టరూ! ఏడికి పోయింది?"

ఆయన నా వైపు చూశాడు. "నన్నడుగుతున్నవా భాయ్? చూసినోడివి నువ్వు గదా!"

అని ఇసుకలో కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. నమ్మండి, దొరికిపోయి కూడా నవ్వాను. ఆ తర్వాత నీళ్ళు మెల్లగా తిరిగి రావడం మొదలుపెడితే, మాస్టరు లేచి టోపీ తీసి సముద్రానికి సలాం చేశాడు. ఇన్నేళ్ళు తను చెప్పిన పాఠం తన కాళ్ళ దగ్గరికే వచ్చింది. అంత సంతోషాన్ని నేను మళ్ళీ ఏ ముఖంలోనూ చూడలేదు.

తిరుగు రైల్లో నేనే అన్నాను, ఆదివారం అందరి ముందూ నిజం చెప్పేస్తానని. "నీ ఇష్టం భాయ్" అన్నాడు. అంతే, తర్వాత పెళ్ళిలో వడ్డించిన చేపల గురించి మాట్లాడాడు.

ఆదివారం వచ్చింది. నాలుగు జట్లూ వచ్చాయి. సేటు అడిగాడు: కదులుతుందా, కదలదా? మాస్టరు నా వైపు చూశాడు. తొందరపెట్టే చూపు కాదు. నాకు సమయం ఇస్తున్నాడు. నాకు మెట్టు గుర్తొచ్చింది. ఇక ఈ మెట్టెక్కకూడదు, ఈ బల్ల లేదు, ఈ ఆదివారం లేదు, సముద్రం భాయ్ లేడు. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంటూ, కప్పు ఎత్తి ఒక గుటక చాయ్ తాగాను. వేడిగా ఉంది. ఇంకొక గుటక తాగాను.

మాస్టరు తన కుడి చెయ్యి బల్ల మీద పెట్టాడు. ఎప్పుడూ పెట్టని చెయ్యి.

"నా కండ్లతోని చూసిన సేటూ," అన్నాడు. "కదలదు."

హోటల్ దద్దరిల్లింది. నన్ను మళ్ళీ ఎత్తుకున్నారు. పైనుంచి చూశాను, మాస్టరు తువ్వాలు వెతుక్కుంటున్నాడు.

ఎందుకు చేశాడు? నన్ను కాపాడటానికా? నాకు బుద్ధి చెప్పడానికా? నా మాట కోసం ఎదురుచూసి విసిగిపోయాడా? ఎన్నిసార్లు అడుక్కున్నా నాకు తేలలేదు. నా అబద్ధం నేనాడాను, అది నాకెప్పుడూ బరువు కాలేదు. ఆయనతో ఆడించానే, అదీ నా బరువు. బడిలో మాత్రం మాస్టరు పుస్తకంలో ఉన్నట్టే చెప్పాడట. పిల్లలు నిలదీస్తే, "పరీక్షల ఇదే రాయుండ్రి, హోటల్ల అది చెప్పుండ్రి" అన్నాడట. మా స్నేహం చెడలేదు. పండగకు కేకు పంపేవాడు, ఆదివారం తప్పకుండా వచ్చేవాడు, ఓడితే అలాగే అరిచేవాడు. కానీ ఆ బల్ల మీద మళ్ళీ ఎన్నడూ చెయ్యి ఆనించలేదు. చాయ్ తాగినంతసేపూ కప్పూ సాసరూ చేతుల్లోనే పట్టుకునేవాడు. అది నేనొక్కణ్ణే గమనించాను. అయినా నోరు విప్పలేదు.

మాస్టరు పోయి చాలా ఏళ్ళయింది. సేటూ లేడు, ఆ హోటలూ లేదు. కెటిల్ ఎవరింట్లో ఉందో తెలియదు. నన్ను మెట్టు దిగమనే మనిషి ఒక్కడూ మిగల్లేదు, ఇప్పుడు చెప్పడంలో గొప్పేముంది? ఏమీ లేదు. అయినా మీకు చెప్పాక గుండె కాస్త తేలికపడింది, అది మాత్రం నిజం.

ఇక్కడిదాకా రాసి కలం పక్కన పెట్టాను. నా బల్ల కర్రది, చలువరాయి కాదు. దానిమీదే కుడి అరచెయ్యి ఆనించాను. ఇంట్లో ఎవరూ లేరు, పైకే అన్నాను:

"పోతది సేటూ. ఎనకకు పోతది, మల్ల వస్తది. నా కండ్లతోని చూసిన. జహనుమా సహీ."

ఓడినవాడు చాయ్ అందించాలి కదా. లేచి చాయ్ పెట్టాను, తువ్వాలు భుజాన వేసుకున్నాను. కప్పు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. అందుకోవలసిన మనిషి లేడు.