చిన్నమ్మ వెనక పొగ

హైటెక్ సిటీలో మొదటి జీతాలు అందుకుని, లోకం మన కోసమే తెల్లవారుతోందనుకున్న ఆ రోజుల్లో, మా ఆఫీసులో కెమెరా పిచ్చి ఉన్నవాళ్ళు రెండు పార్టీలుగా ఉండేవాళ్ళు: జూమ్ వాళ్ళు, ప్రైమ్ వాళ్ళు. జూమ్ లెన్సు వాళ్ళు నిలబడ్డ చోటే రింగు తిప్పి దూరాన్ని దగ్గర చేసుకునేవాళ్ళు. ప్రైమ్‌కి ఆ సుఖం లేదు, మన కాళ్ళే నడవాలి. కానీ అది మసక వెలుతురులోనూ మొహాన్ని మెరిపించి, వెనకున్న లోకాన్నంతా వెన్నలా కరిగించేస్తుంది. నేను ప్రైమ్ పార్టీ. కెమెరాతో వచ్చిన జూమ్‌ను సిగ్గుపడి బీరువాలో దాచేశాను.

రహమత్ నగర్‌లో ఉండే మా చిన్నమ్మ సినిమాల్లో గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టు. "రోజు షూటింగ్ షూటింగ్ అంటవు, ఒక్క సినిమాల కానరావేందక్కా?" అని ఎదురింటామె నల్లా దగ్గర అందరి ముందూ అడిగేది. ఎట్టకేలకు ఒక పెద్ద హీరోకి మజ్జిగ అందించి, "తాగు బాబూ, ఎండన వడొచ్చినవు" అనే వేషం దొరికింది. జూబ్లీ హిల్స్ బంగళాలో షూటింగ్. నన్ను కెమెరాతో రమ్మంది. హీరో పక్కన నిలబడి ఫోటో అడిగితే ఆర్టిస్టులను పంపే మేనేజరు ఇక పిలవడు. అందుకని భోజనాల వేళ ఆయన గొడుగు కింద కూర్చున్నప్పుడు, ఈవిడ ఏమీ ఎరగనట్టు ఇవతల నిలబడుతుందట.

"ఆయన మంచిగ వడాలె బిడ్డా. నేను జర అటిటైనా ఫికర్ లేదు."

ఇద్దరూ పట్టాలని నేను వెనక్కి, ఇంకా వెనక్కి నడిచాను. "ఓ మేడం! ఎటు వోతున్నరు? సాంబార్ల వడ్తరు!" అని వడ్డించేవాడు అరిచాడు. చిన్నమ్మ ఫక్కున నవ్వింది. అప్పుడే నొక్కాను.

"ఆయన వడ్డడా?"

"పడ్డాడు చిన్నమ్మా." కెమెరా వెనకున్న అగ్గిపెట్టెంత తెరలో అలాగే కనిపించింది మరి. (లెన్సు లోపలి కంతను కాస్త మూసి తీస్తే వెనకా తేటగా వస్తుందని తెలుసు. మంచి ప్రైమ్ కొని మూసి వాడటమా!)

పెద్ద సైజులో ప్రింటు వేయించి ఇచ్చాను. చిన్నమ్మ ఎదురింటామెను పిలిచి మరీ విప్పింది. తన కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. హీరో మాత్రం గులాబీ రంగు పొగ.

"ఏందే గిది, నా ఎనక ఊదుబత్తులు ముట్టిచ్చినవా?"

"గీ పొగనేనా అక్కా హీరో?" అంది ఎదురింటామె.

అందరూ నవ్వారు, చిన్నమ్మ కూడా. సినిమా రానీ, అప్పుడు చూద్దురు అంది. విడుదలయ్యాక గల్లీ వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళింది. మజ్జిగ సీనే లేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, "మజ్జిగ పులిసినట్టున్నది బిడ్డా, తీసేసిన్రు" అంది చిన్నమ్మే. ఆ తర్వాత మోకాళ్ళు పట్టేశాయి, వేషాలు ఆగిపోయాయి. ఫోటో పాడు చేశావని నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

చిన్నమ్మ పోయాక ఆ పటం మా ఇంటికొచ్చింది. (మా పాప దగ్గితే రాయడం ఆపి చూసొచ్చాను, పడుకునే ఉంది.) ఇప్పుడు పాపను ఆ పాత జూమ్‌తోనే తీస్తాను, వెనకున్నవన్నీ తేటగా పడేలా. "దండెం మీది తువ్వాళ్ళు కూడా పడ్డాయి" అంటారు మా ఆయన. పడనీ. రేపు దేన్ని వెతుక్కుంటామో ఎవరికి తెలుసు?

నిన్న పాప ఆ పటం చూసి, "ఈ అమ్మమ్మ వెనక ఏంటమ్మా?" అంది.

"హీరో."

నమ్మలేదు.

"మరి ఎందుకంత నవ్వుతోంది?"

"నేను సాంబారులో పడబోయాను."

అది మాత్రం వెంటనే నమ్మింది.