తెర మీద అన్న గుండె

మా అన్న బోరు బండి మీద పనిచేసేవాడు. బెళుగుప్ప చుట్టుపక్కల వెయ్యి అడుగులు దింపినా నీళ్లు పడవు. బండి మొదలుపెడితే రెండు మూడు రోజులు ఆగదు. నిద్ర రాకుండా పనివాళ్లు ఏవో తెల్లమాత్రలు మింగేవారు. అవి వేసుకుంటే ఆకలి కూడా ఉండదని అన్న గొప్పగా చెప్పేవాడు. ఏడాదిలో మనిషి సగమయ్యాడు.

ఒక పొద్దున చొక్కా తొడుక్కుంటూ వాకిట్లో కూలబడ్డాడు. చెయ్యి పట్టుకుంటే ఎవరో తరుముతున్నట్టు నాడి కొట్టుకుంటోంది. ఆటోలో అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయి, మాత్రల సంగతి డాక్టరమ్మకు చెప్పాను.

డాక్టరమ్మ అన్న ఎదకు చల్లటి జెల్ రాసి, చేతిలోని యంత్రం ఆనించింది. తెర మీద గుండె కనబడింది. లోపల సన్నటి తలుపుల్లాంటివి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి.

"బాగా అలిసిపోయిందప్పా. ఆ మాత్రలు ఇంకా మింగితే ఇది తట్టుకోలేదు" అంది ఆమె.

అన్న తెర మీది నుంచి కళ్లు తిప్పలేదు. అలాగే చూస్తూ అడిగాడు. "నేను పుట్టినప్పట్నుంచీ ఇది ఇట్లే కొట్టుకుంటాండాదా మేడమ్?"

"పుట్టకముందు నుంచే."

"ఒక్క పూట కూడా నిలబడలేదా?"

ఆమె లేదన్నట్టు తలూపింది. అన్న రెండు చేతులూ జోడించాడు. ఆమెకు కాదు, తెరకు.

ఆ రోజు నుంచి మాత్రలు ముట్టలేదు. మొదటి వారం పగలంతా నిద్రపోయాడు, లేపితే కసురుకున్నాడు. గుండె పూర్తిగా మునుపటిలా కాదని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు పక్కూరి చీనీ తోటలో పనిచేస్తున్నాడు. మధ్యాహ్నం సంగటి తిని, ఆ బత్తాయి చెట్ల నీడలో హాయిగా కునుకు తీస్తాడు.