పడుగు లేని వీధి

నా చిన్నప్పుడు, నాకు ఊహ తెలిసేనాటికి, మా వీధిలో తెల్లవారితే పడుగులే. నూలుపోగులు వీధి పొడవునా సాగదీసి, గంజి పెట్టి, కుర్రవాళ్లు కుంచెలతో దువ్వుతూ అటూ ఇటూ నడిచేవారు. మాది గోదావరి కాలవ ఒడ్డున నేతపని వాళ్ల పేట. ఆ కాలవలోనే పడవల మీద ఇంగ్లండు నుంచి వచ్చిన సీమ మిల్లు బట్టలు దిగాయి. చవక, పైగా నునుపు. చూస్తూండగానే మా మగ్గాలు మూలపడ్డాయి.

మా బాబాయికి పాతికేళ్లు కూడా లేవు. పని పోయినా వేకువనే లేచే అలవాటు పోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, పడుగు ఉన్నట్టే వీధి ఈ చివరినుంచి ఆ చివరికి నడిచేవాడు. ఎవరింటికి కన్నం వేయడానికి చూస్తున్నాడోనని జనం తలుపు సందుల్లోంచి కనిపెట్టేవారు. ఆ గుసగుసలు విని విని నాకూ అనుమానం పట్టుకుంది. బాబాయి ఇంట్లోకి వస్తే ముందు చేతులవంక చూసేదాన్ని.

ఓ ఉదయం వీధి మొగలో మునసబుగారి అరుగు మీది ఇత్తడి బిందె పోయింది. చూసినవాళ్లు లేరు. అయినా పెద్దలు బాబాయిని పిలిపించి, ఊరు విడిచి పొమ్మనబోయారు. పొలం పనికి వెళితే నేతవాడికి నాగలేం తెలుసని తిప్పి పంపినవాళ్లే, ఒళ్లు వంచడని సాక్ష్యం చెప్పారు. వాళ్ల నోళ్లు పడిపోను!

మా నాయనమ్మ ముందుకొచ్చి, దొంగని పట్టే కిటుకు తన దగ్గర ఉందంది.

“మన పేట నేత ఒంటిమీద ఉన్నోళ్లు దొంగలు కారండి. ఆళ్లంతా వచ్చి నా పక్కన నిలబడండి.”

అందరూ గబగబా కదలబోయి, ఎవరి పంచె వాళ్లు చూసుకుని ఆగిపోయారు. మునసబుగారి కండువా కూడా సీమదే. నేనూ పరుగెత్తబోయి, నా పూల పరికిణీ చూసుకుని ఆగాను. నాయనమ్మ పక్కకి బాబాయి ఒక్కడే వెళ్లాడు, తాను నేసుకున్న మాసిన పంచెతో.

“మా కుర్రోళ్ల పని ఎవరట్టుకుపోయారో ముందు తేల్చండి బాబూ. బిందె సంగతి తర్వాత చూద్దాం” అంది.

పెద్దలు బాబాయిని వదిలేశారు. నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది. కానీ ఆ తర్వాత కూడా, ఒక్క పంచె నేసిపెట్టమని మా గడప తొక్కినవాడు లేడు. నెల తిరక్కుండానే బాబాయి కాకినాడ రేవులో రంగూను ఓడ ఎక్కాడు.

ఇన్నేళ్లయినా, ఎవరైనా ఓ కుర్రవాణ్ణి చూపించి, పనీపాటా లేనివాడు, జాగ్రత్త అంటే చాలు, నా అనుమానం ముందు ఆ చెప్పినవాళ్ల మీదికే పోతుంది.