రెండు రాష్ట్రాల బోరింగు

ఇవాళ ల్యాబులో బ్లీచింగ్ పౌడర్ డబ్బా మూత తీయగానే ముక్కు మండింది. సుగుణ మేడం గుర్తొచ్చారు, వెంటనే ఆఫీసులవాళ్ల మీది పాత కోపమూ లేచింది. చంద్రపూర్‌లో మా కాలేజీలో ఆమె సూక్ష్మజీవుల పాఠం చెప్పేవారు, నేను ఆమె ల్యాబులో సహాయకురాలిని. ఆమెది రాజురా వైపు తెలుగు రైతు కుటుంబం, మా నాన్న బొగ్గుగని కార్మికుడు. పాఠం మరాఠీలో చెప్పినా, నన్ను తిట్టాల్సి వస్తే మాత్రం తెలుగులోనే తిట్టేవారు.

జన్యువులను సవరించడానికి వాడే కత్తెర లాంటి ప్రోటీన్‌ను ఆమె నీళ్లకు కాపలా పెట్టారు. నీళ్లలో కలరా క్రిమి జన్యువు తగిలితే అది తెగ్గొట్టడం మొదలుపెడుతుంది, కాగితపు పట్టీ మీద గీత పడుతుంది. కరెంటు లేనిచోట ఫ్లాస్కులో వేడినీళ్లు పోసి, అందులో ట్యూబులు నిలబెట్టి గంటలో తేల్చేసేవారు.

జివతి గుట్టల్లో సరిహద్దు మీది ఒక ఊరిని మరాఠీ రాష్ట్రమూ తెలుగు రాష్ట్రమూ మాదంటే మాదంటాయి. ఇంటికి రెండు రేషన్ కార్డులు, ఊరికి రెండు బడులు. అక్కడ పిల్లలకు వాంతులు, విరేచనాలని తెలిసి వెళ్లాం. బోరింగు నీళ్లకు గీత పడింది, పక్క చేను బావి నీళ్లకు పడలేదు. బోరింగు మూయమని అడిగితే, అది అవతలివాళ్లు వేయించిందని ఇక్కడి ఆఫీసు, ఊరు మీదే కదా అని అవతలి ఆఫీసు. పట్టీ చెల్లదు, సర్కారీ ల్యాబు రిపోర్టు కావాలని ఇద్దరూ అన్నారు. ఓట్లప్పుడు ఇద్దరూ జీపులేసుకుని వస్తారు, సిగ్గులేని మనుషులు. తాగొద్దని మేము ఇల్లిల్లూ తిరిగి చెప్పాం. అయినా, నిజంగా చెడ్డనీళ్లయితే సర్కారే మూసేది కదా అనుకుని కొందరు తాగారు.

మూడో రోజు ఆ ఊరి లచ్చవ్వ మనవరాలు అవే విరేచనాలతో పోయింది. నాలుగేళ్ల పిల్ల. మేడం జివతిలో గొలుసూ తాళమూ కొని, బోరింగుకు తన చేత్తోనే బిగించారు.

వారం తిరక్కుండా ఆమెకు రెండు నోటీసులొచ్చాయి, ఒకటి మరాఠీలో, ఒకటి తెలుగులో. ప్రభుత్వ ఆస్తికి తాళం ఎందుకు వేశారని రెండూ అడిగాయి.

"పిల్ల బతికున్నప్పుడు గీ బోరింగు ఎవ్వనిది కాదు. ఇప్పుడు ఇద్దరిదైంది, సూడు" అన్నారు మేడం.

సంజాయిషీ రాయలేదు. ఆ కాగితాలు పట్టుకుని లచ్చవ్వ ఇంటికి వెళ్లి, రెండూ చదివి వినిపించి, తప్పు ఆ ఆఫీసులదేనని చెప్పారు. లచ్చవ్వ అంతా విన్నది.

"గీత మొదటి రోజే పడ్డది గద బిడ్డా. తాళం గానాడే ఎందుకెయ్యలే?"

మేడం తలదించుకున్నారు. "ఆఫీసుల సుట్టు అడుక్కుంట తిరిగినమవ్వా" అన్నారు.

ఇప్పుడు ఆ నీళ్ల పరీక్షల పని నేను చేస్తున్నాను. గీత పడితే ముందు తాళం వేస్తాను. అడగడం తర్వాత.